మేస్త్రి నాటిన టెంక

ఆ వీధిలో అతన్ని అంట్లాయన అంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఆ పేరు విని, పాపం ఎవరింట్లోనో గిన్నెలు తోముకుని బతుకుతున్నాడు కాబోలు అనుకుంటారు. తీరా గోడ మీంచి పెరట్లోకి తొంగి చూస్తే నల్ల సంచుల్లో వరసగా మామిడి మొక్కలు, ఒక్కోదాని మెడకీ ఒక ప్లాస్టిక్ పట్టీ, నెత్తిన ఒక ప్లాస్టిక్ టోపీ. ఓహో, అంటు కట్టే అంట్లా అని వాళ్ళు నవ్వుతారు, వాళ్ళతోపాటు అతనూ నవ్వుతాడు. అతని అసలు ఉద్యోగం కళ్ళద్దాల కొట్లో. అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీసి గాడిలో కూర్చోబెట్టడం. పొద్దస్తమానం ఆ అంచూ ఈ గాడీ సందు లేకుండా కలిశాయా లేదా అని చూసిన కన్ను ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా? పెరట్లో కొమ్మకీ కాండానికీ అదే పరీక్ష పెడుతుంది.

పెరడేం పెద్దది కాదు. నలుగురు మంచాలేసుకుంటే ఐదోవాడు గోడెక్కాల్సిందే. అందులోనే ఒక జామ, ఒక సపోటా, గోడవారన నిమ్మ, నడిమధ్య తల్లిమామిడి. ఆ తల్లిమామిడి కాయ ఒక్కసారి తిన్నవాళ్ళు మళ్ళీ ఏడాది ఏదో వంక పెట్టుకుని ఆ ఇంటికి వచ్చేవాళ్ళు. దాని టెంక నాటితే అదే కాయ వస్తుందా అంటే రాదు. తల్లి తియ్యటిదైనా పిల్ల పులుపు కావచ్చు, ఒట్టి పీచు కావచ్చు. అందుకే టెంక మొక్క కాస్త ఎదిగాక జానెడు ఎత్తులో తల కోసి, కాండాన్ని నిలువుగా చీల్చి, తల్లిచెట్టు కొమ్మపుల్లని చెక్కి అందులో దించి కట్టు కడతారు. వేళ్ళు దీనివి, కాయ దానిది. కట్టాక ఒక్కటే పీకులాట. తల పోయినా కింద కాండం బుద్ధిగా ఉండదు. పక్కనుంచి తన సొంత చిగురు తోస్తుంది. చూస్తూ ఊరుకుంటే బలమంతా అదే మింగేసి పైనున్న అంటుని ఎండగట్టేస్తుంది. కనబడగానే బొటనవేలితో నులిమెయ్యాలి. అతను సాయంత్రం కొట్టునుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆ వరస పొడుగునా ఒకసారి నడిచేవాడు. నోరు ఎవరితోనో కబుర్లు చెబుతూనే ఉండేది, చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోయేది.

అతనికీ భార్యకీ ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. బడిలో ఏం పేరుండేదో గానీ వీధి మొత్తానికీ అది మేస్త్రి. తండ్రి పెరట్లో కూర్చుంటే చాలు, నడుం మీద చేతులు పెట్టుకుని వెనకాల నిలబడేది. "నాన్నా, కట్టు వదులుగా ఉంది." "నాన్నా, ఆ చివరిదానికి నీళ్ళు పోయలేదు, చూశాను." తప్పులన్నీ దానికే కనిపించేవి. పోనీ నువ్వొచ్చి పొయ్యవే అంటే మాత్రం ఉన్నట్టుండి హోంవర్కు గుర్తొచ్చేది.

కిందటి వేసవిలో అది ఒక కాయ తిని, టెంకని చీకి చీకి తెల్లగా చేసి, వంటింటి మెట్టు పక్కన చిల్లుపడ్డ బకెట్లో తనే పాతింది. ఒక్కర్నీ దగ్గరికి రానివ్వలేదు. రానివ్వకపోతే ఏమవుతుంది, తలకిందులుగా పాతింది. పాపం ఆ మొక్క మట్టిలో దారి వెతుక్కుని, కొంకిలా ఒక మెలిక తిరిగి పైకొచ్చింది.

"వంకరది పుట్టింది మేస్త్రీ," అన్నాడతను. "ఇలాంటివి మేం తీసి పారేస్తాం."

"నిన్నే పారేస్తా," అంది మేస్త్రి. "దీనికి నువ్వు అంటు కట్టకూడదు. ఇది నాది. దీని కాయ దీనిదే."

"పుల్లగా ఉంటే?"

"పుల్లగానే తింటా."

"అది కాయడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుందే తల్లీ."

"పడనీ. అప్పటికి నేను పెద్దదాన్నవుతాగా, నిచ్చెన కూడా అడగను."

అప్పట్నించి ఆ ఇంట్లో దాని పేరు వంకరది. మరుసటి ఏడు వానలకి ముందు దాని వేళ్ళు బకెట్లో చుట్టలు చుట్టుకుపోతున్నాయని అతను దాన్ని తీసి నల్ల సంచిలోకి మార్చాడు. వంపు దగ్గర విరుగుతుందేమోనని ఆ వంపు మునిగేదాకా మట్టి పోశాడు. పైకి చూస్తే నిటారుగా, బుద్ధిమంతురాలిలా నిలబడింది. మేస్త్రికి నచ్చలేదు. "ఇప్పుడిది అన్నిట్లాగే ఉంది కదా," అని మూతి ముడిచింది. వంకర లోపల భద్రంగా ఉందిలే, మనకి తెలుసుగా అని తండ్రి బుజ్జగించాడు. సంచిని మళ్ళీ మెట్టు పక్కనే పెట్టించుకుని గానీ అది అక్కణ్ణించి కదల్లేదు.

ఆ తర్వాత మేస్త్రికి జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా ఆసుపత్రి నుంచి ఇద్దరే ఇంటికొచ్చారు. ఆ మధ్యలో జరిగింది చెప్పడానికి నాకు నోరు రావడంలేదు, వినడానికి మీకు మాత్రం ఎందుకు?

తల్లి మంచం పట్టింది. ఇంట్లోనే కూర్చుని బడిపిల్లలకి యూనిఫాంలు కుట్టే మనిషి, మిషను మీద గుడ్డ కప్పేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె అక్క వచ్చి ఇల్లంతా నెత్తినేసుకుంది. మంచి మనిషి, కాకపోతే ఆవిడ చేతికి ఖాళీ ఉండకూడదు. గిన్నెలు తోమింది, గోడలు దులిపింది, పెరడు కడిగింది. మెట్టు పక్క నల్ల సంచి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతోందని తీసుకెళ్ళి మిగతావాటి వరసలో పెట్టింది. మంచికే పెట్టింది. మనుషులు ఇలాంటివన్నీ మంచికే చేస్తారు, అదే కదా ఖర్మ.

అతను కొట్టుకి పోకుండా తల్లిమామిడి కింద స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒక పొద్దున తలెత్తి చూశాడు. పిల్లకి జ్వరం రాకముందు, అంటుకి పనికొచ్చే కొమ్మల్ని ఏరి, ఆకులు తుంచి ఉంచాడు. అలా తుంచితే కొస మొగ్గ ఉబ్బుతుంది, సరిగ్గా అప్పుడే కొయ్యాలి. ఇంట్లో ఎవరు పోయారో మొగ్గకేం తెలుసు? అన్నీ ఉబ్బి ఉన్నాయి. ఒకట్రెండు రోజులు ఆగితే విచ్చుకుపోతాయి, ఇంక దేనికీ పనికిరావు. అతను లేచాడు. కత్తి నూరాడు. వరస ముందు గొంతుక్కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తలలు కొయ్యడం మొదలుపెట్టాడు. కొయ్యడం, చీల్చడం, చెక్కడం, దించడం, కట్టడం. చేతులకి పని తెలుసు, మనసుకి పని లేదు. ఆసుపత్రినుంచి వచ్చాక పిల్ల గుర్తుకురాని గంటలేవైనా ఉంటే అతనికి అవే. హాయిగా ఉందని కూడా అనుకున్నాడు. చివరి కట్టు కట్టి, నడుం పట్టుకుని పైకి లేచేసరికి ఎండెక్కింది.

సరిగ్గా అప్పుడే, అన్ని రోజుల తర్వాత మొదటిసారి, ఆమె మంచం దిగి చెంబుతో నీళ్ళు పట్టుకుని వంటింటి మెట్టు మీదకి వచ్చింది. మెట్టు పక్కకి వంగి, ఖాళీ నేలవైపు చూసింది.

"వంకరది ఏదండీ?"

"అక్కడే ఉంటుంది," అన్నాడు.

"ఇక్కడ లేదు."

లోపల్నించి అక్కగారి గొంతు వినిపించింది. "ఆ సంచేనా? అడ్డంగా ఉందని నేనే ఆ వరసలో పెట్టానే!"

అతను వెనక్కి తిరిగాడు. వరసకేసి చూశాడు. ఒక్క మొక్కకీ తల లేదు. అన్నిటికీ ఒకటే కట్టు, ఒకటే టోపీ, దేనికీ ముఖం లేదు. ఆమె చెంబు కింద పడేసి పరుగెత్తుకొచ్చి మొదటి సంచిలోకి వేళ్ళు దింపింది. అతను రెండోవైపునుంచి మొదలుపెట్టాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా, మోకాళ్ళ మీద పాకుతూ, సంచి తర్వాత సంచి మట్టిలో తడుముకుంటూ వచ్చారు. నిటారుగా ఉన్న కాండం తగిలినప్పుడల్లా అతనికి ప్రాణం లేచొచ్చేది. పిల్లలెవరైనా వచ్చి సంచుల్ని చెల్లాచెదురు చేశారేమో, ఇందులో లేదేమో, ఎక్కడో గోడపక్క ఉందేమో. ఇంతలో ఆమె చెయ్యి ఆగిపోయింది. మట్టి తోసింది. కొంకిలా తిరిగిన వంపు బయటపడింది.

"తల కోసేశారు," అంది. "దాని తల మీ చేత్తో మీరే కోసేశారు."

అతను ఆకుల కుప్ప దగ్గరికి ఉరికాడు. కోసిన తలలన్నీ అందులోనే పడేశాడు. పొద్దుటి ఎండకి అన్నీ వడిలి వాలిపోయాయి. ఆకుల అడుగున మేస్త్రి స్కెచ్ పెన్నుతో గీసిన చుక్కలున్నాయని ఆమెకి తెలుసు, వెతికి పట్టుకుంది. అతను దాని కొస ముక్కని తడిగుడ్డలో చుట్టి, పనికిరాదని పక్కన పెట్టిన ఇంకో టెంక మొక్క మీద దాన్నే అంటు కట్టాడు. హడావిడిగా కట్టిన కట్టు అది. పైగా లేత కొమ్మ, వడిలిన కొమ్మ. పట్టదని కడుతున్నప్పుడే అతనికి తెలుసు. కొద్దిరోజులకే నల్లబడి ఊడిపోయింది.

ఆమె మాట్లాడటం మానేసింది. వేళకి కంచం పెట్టేది, మాట పెట్టేది కాదు. అక్కగారికి ఇది మింగుడుపడలేదు. "మొక్కేగా, ఇంకోటి పాతుకుంటే సరి, దానికింత రాద్ధాంతమా?" అంది ఒకరోజు. చెల్లెలు తలెత్తి ఆవిడకేసి ఒక చూపు చూసింది. ఆ ఇంకోటి అనే మాట మొక్క గురించి మాత్రమే వినపడలేదని ఆవిడకీ అర్థమైంది. మర్నాడే బట్టలు సర్దుకుంది. "మరిదిగారూ, చెల్లిని కాస్త కనిపెట్టుకుని ఉండండి," అని గుమ్మంలో కళ్ళు ఒత్తుకుంది.

ఆ రోజు అతను గదిగుమ్మం దగ్గర నిలబడి, లోపలికి పోయే ధైర్యం లేక, అక్కణ్ణించే చెప్పాడు. "ఇదిగో, విను. వంకరది చావలేదు. వేళ్ళున్నాయి, కాండం ఉంది. ఇప్పుడే పైది తీసేస్తే ఒంటిమీద ఆకన్నది లేకుండా మళ్ళీ కోత పడి చస్తుంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు. పైనున్నది ఆకులు వెయ్యనీ, వేరు బలం పుంజుకోనీ. కట్టు కిందనుంచి దాని సొంత చిగురు వస్తుంది. అది నాలుగాకులు వేశాక పైనున్నదాన్ని కోసి పారేస్తా. అప్పుడు మొత్తం దానిదే. దాని కాయ దానిదే."

ఆమె గోడవైపు తిరిగే ఉంది. అలాగే తల ఊపింది. మర్నాడు సంచిని తనే మోసుకొచ్చి మెట్టు పక్కన పెట్టుకుంది. రోజూ పొద్దునా సాయంత్రం దాని ముందు కూర్చుని, కట్టు కింద ఆ బెత్తెడు కాండం చుట్టూ కళ్ళల్లో వత్తులేసుకుని చూసేది.

ఆ ఏడు అతను కట్టినవాటిలో సగం ఎండిపోయాయి. ఇదొక్కటే విరగబడి పట్టింది. టోపీ తీసేసరికే ఆకులు వేసింది, చూస్తుండగా ఇంకో విడత చిగిర్చింది, నిగనిగలాడే ఆకులతో బలిసింది. మామూలు రోజుల్లో అయితే వీధిలో అందర్నీ పిలిచి చూపించేవాడు. ఇప్పుడు దాన్ని చూడలేక ముఖం తిప్పుకునేవాడు. పగవాడికి కూడా అలాంటి అంటు పట్టకూడదు. పైన అంత జోరుగా ఉంటే కింద చిగురు ఎందుకొస్తుంది? రాలేదు. ఆమె అడిగేది కాదు, అతను చెప్పేవాడు కాదు. అతను మళ్ళీ కొట్టుకి పోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం వీధి మలుపు తిరుగుతుంటే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. తన ఇంట్లోంచే. అతను ఆగిపోయాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా అనుకోకుండా అక్కడే నిలబడి విన్నాడు. తర్వాత గబగబా నడిచి, పక్కసందు గేటు తీసుకుని పెరట్లోంచి లోపలికి వచ్చాడు. "ఏంటి, మిషను పట్టావా?" అని అరిచాడు. మిషను ఆగింది. "ఆఁ. చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కోండి, ఒకటి చూపిస్తా," అంది లోపల్నించి. ఎన్నాళ్ళకి విన్నాడు ఆ గొంతు! "వస్తున్నా, వస్తున్నా," అంటూ వరస పొడుగునా నడిచి, మెట్టు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. ఆమె వచ్చింది. కళ్ళు ఇంతింత చేసుకుని, పెదవి కొరుక్కుంటూ, మేస్త్రి ఏదైనా దాచిపెట్టి తెచ్చినప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది.

"పొద్దున చూశానండీ. నువ్వుగింజంత ఉంది, ఎర్రగా. మీరొచ్చేదాకా ఆగాలని..." అంటూ సంచి ముందు కూర్చుంది. కాండం చుట్టూ వెతికింది. సంచిని తిప్పి మళ్ళీ వెతికింది. ఒకచోట వేలు పెట్టి ఆగింది. అక్కడ తడిగా చిన్న గాయం ఉంది.

అతను మెల్లగా తన చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. బొటనవేలి గోరు అంచున ఆకుపచ్చటి జిగురు ఉంది. ఎప్పుడు నులిమాడో అతనికి తెలీదు. ఆమె గొంతు విన్న సంతోషంలో నడిచొచ్చాడు, అంతే తెలుసు.

"నేను చూడనైనా లేదు," అన్నాడు. "ఒట్టు, నేను కాదే. చెయ్యి..."

ఆమె కేకలు వేసినా బాగుండేది. మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పండి. అది ఇంట్లో ఉండటం మీకు కష్టంగా ఉందా? అది కనపడకపోతే మీకు హాయిగా ఉంటుందా?"

కాదనబోయాడు. అంట్లు కట్టిన ఆ పొద్దున కత్తి పట్టుకున్నప్పటి హాయి గుర్తొచ్చి నోట మాట రాలేదు. ఆ మౌనం ఆమెకి చాలు. లేచి లోపలికి వెళ్ళి మిషను మీద గుడ్డ కప్పేసింది.

తెల్లారి అతను ఆమెని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని కత్తి తీశాడు. కట్టుకి కిందగా, ఒక్క వేటుతో అంటుని కోసేశాడు. అన్ని ఆకుల అంటు, చేతిలో బరువుగా వాలింది. సంచిలో జానెడైనా లేని కట్టెపుల్ల మిగిలింది. "పైన జోరు తగ్గితే గానీ కింద మొగ్గ కదలదు," అన్నాడు. "ఇక వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నేను మాత్రం దీని ఛాయలకి రాను. నన్ను నమ్మకు. నువ్వే చూసుకో."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. పక్కసందు గేటుకి తాళం వేసి వీధి గుమ్మంలోంచే రావడం మొదలుపెట్టాడు. మిగతా మొక్కల్ని కూడా చూడ్డం మానేశాడు. వాటి కింద సొంత చిగుళ్ళు విచ్చలవిడిగా పెరిగి, కట్టిన అంట్లన్నీ ఒక్కొక్కటే ఎండిపోయాయి. వీధిలోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అంట్లాయన పెరడేనా ఇది అన్నారు. ఆమె కట్టెపుల్ల మీద ఎండ పడకుండా నాలుగు కర్రలు గుచ్చి, యూనిఫాం గుడ్డ మిగిలిన ముక్కొకటి పందిరిలా కట్టింది. తడి ఆరకుండా చేత్తో నీళ్ళు చల్లేది. ఎండుతోందో బతుకుతోందో తెలియని పుల్లని చూసుకుంటూ మిగిలిన వానాకాలం గడిపింది. ఏమైనా వచ్చిందా అని అతను ఒక్కనాడూ అడగలేదు. ఆమె ముఖం చూసి అంచనా వేసుకునేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె వీధి గదిలోకి వచ్చి నిలబడింది. "రండి," అంది. ఇంకేం చెప్పలేదు. అతను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బడిలో దండన పడ్డ పిల్లాడిలా ఆమె వెనకాలే నడిచాడు. మెట్టు మీదే ఆగిపోయాడు.

గుడ్డపందిరి కింద, పుల్లకి రెండు పక్కలా రెండు చిగుళ్ళు. రాగిరంగు లేతాకులు, ఇంకా నిలబడటం రాక వేలాడుతున్నాయి. ఒకటి వేలెడు పొడుగుంది. ఆమె ఈ సంగతి చాలారోజులుగా దాచింది, చిగురు నిలదొక్కుకునేదాకా.

"బతికింది," అన్నాడు. "ఇంకేం భయం లేదే. ఇది బతికేసింది."

ఆమె ముఖంలో సంతోషం లేదు. సంచి పక్కన కూలబడి ఏడుస్తోంది. ఆసుపత్రిలో ఏడవని ఏడుపు, అక్కని పట్టుకుని కూడా ఏడవని ఏడుపు. అతను కంగారుగా దిగొచ్చి పక్కన కూర్చున్నాడు. చేతులు మాత్రం ఇంకా వెనకే పెట్టుకున్నాడు.

"వచ్చిందిగా, మరి ఏడుస్తావేంటి?"

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకుంటూ పడుకునేదాన్ని," అంది. "లేచీ లేవగానే మిమ్మల్నే తిట్టుకునేదాన్ని. కోసేశారు, నులిమేశారు, మీ చేతులు పడిపోనూ అని. నాకు రోజంతా ఆ పని ఉండేదండీ. జ్వరాన్ని ఏమని తిట్టను? డాక్టరు పాపం రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాడు. మనం ఆలస్యం చెయ్యలేదు. నర్సు కూడా ఏడ్చింది. ఎవర్ననను? మీరొక్కరే దొరికారు నాకు."

ఆమె చిగుళ్ళకేసి చెయ్యి చూపించింది.

"ఇదిగో, ఇదొచ్చేసింది. మీ తప్పు కూడా లేకుండా పోయింది. ఎవరి తప్పూ లేదు. మరి మేస్త్రి ఎందుకు పోయిందండీ?"

అతను వెనకనుంచి చేతులు తీసి ఆమెని దగ్గరికి లాక్కున్నాడు. "నన్నే తిట్టు," అన్నాడు. "ఇంకొన్నాళ్ళు నన్నే తిట్టుకోవే."

ఆమె అతని చొక్కా పట్టుకుని, నోరు తెరిచి, నిజంగానే ప్రయత్నించింది. ఒక్క తిట్టూ రాలేదు.